నాలుగడుగుల షీటుకు ఎంత పొడవు ట్రాక్ కావాలి?

ట్రాక్ సా, అంటే అల్యూమినియం పట్టీ (ట్రాక్) మీద నడిపి నేరుగా కోసే కరెంటు రంపం, కొత్తగా కొన్నవాళ్లకు మొదటి దెబ్బ కోత మధ్యలో తగలదు, చివరి రెండంగుళాల్లో తగులుతుంది. 18 ఎంఎం ప్లై, పైన మైకా అతికించి ఉంది, నాలుగడుగుల అడ్డకోత, మెషిన్ ఎక్కడా ఆగకుండా సాఫీగా నడిచి వచ్చింది. సరిగ్గా షీటు అంచు దగ్గరికి వచ్చేసరికి మెషిన్ ముక్కు ట్రాక్ దాటి గాలిలోకి పోయింది, చేతి బరువుకు వెంట్రుకవాసి కిందికి వాలింది, బ్లేడు పక్కకు ఒరుసుకుని కోసిన అంచు మీద నల్లగా కాలిన గీత పడింది, మైకా నూక గింజంత పెచ్చు ఊడింది. ఆ పెచ్చు ఎక్కడ ఊడింది? వార్డ్‌రోబ్ తలుపు అంచున, గదిలో లైటు వేయగానే కంటికి తగిలే చోట. బ్లేడు మొద్దుబారిందనో, ప్లై నాసిరకం అనో, మెషిన్‌కే ఏదో లోపం ఉందనో అనుకుని బ్లేడు మార్చేస్తారు, మళ్లీ అక్కడే పెచ్చు ఊడుతుంది. చాలాసార్లు అసలు కారణం ట్రాక్ పొడవు చాలకపోవడమే.

ఈ పొరపాటు ఊరికే రాలేదు, పాత అలవాటు నుంచి వచ్చింది. నెల్లూరు, కావలి, ఒంగోలు ఎక్కడ చూసినా ఇంటీరియర్ పని జరిగే ఇళ్లలో ప్లై కోసేది ఎక్కువగా నాలుగంగుళాల మార్బుల్ కట్టర్‌కు చెక్క బ్లేడు బిగించి, షీటు మీద అల్యూమినియం సెక్షన్ ఒకటి క్లాంపులతో పట్టించి, దాని పక్కన మెషిన్‌ను ఆనించి తోయడమే. అక్కడ మెషిన్ బరువంతా షీటు మీదే ఉంటుంది, పట్టీ పని పక్కకు పోకుండా ఆపడం వరకే. షీటు నాలుగడుగులుంటే పట్టీ నాలుగడుగులకు కొంచెం ఎక్కువున్నా చాలు, అంచు దగ్గర బేస్ (మెషిన్ అడుగు పలక) సగం బయటికి వచ్చినా మిగతా సగం షీటు మీదే ఆనుకుని ఉంటుంది. ట్రాక్ సా అలా కాదు. మెషిన్ మొత్తం ట్రాక్ మీదికి ఎక్కి కూర్చుంటుంది. ట్రాక్ అయిపోయిన చోట మెషిన్ కింద ఏమీ ఉండదు, షీటు కూడా ట్రాక్ మందమంత, అంటే సుమారు 5 ఎంఎం కిందనే ఉంటుంది. అందుకే ట్రాక్ పొడవును షీటు వెడల్పుతో పోల్చి కొంటే లెక్క తప్పుతుంది. షీటు వెడల్పుకు మెషిన్ నిలబడేందుకు ముందూ వెనకా కావలసిన చోటు కలపాలి. మొత్తం విషయం ఇదే, మిగతాదంతా ఆ చోటు ఎంత అనే లెక్క.

గైడ్ రెయిల్ మీద మెషిన్ నడిపే ఈ పద్ధతి 1960ల్లో జర్మనీలో ఫెస్టో కంపెనీ (ఇప్పటి ఫెస్టూల్) వాళ్లతో జనంలోకి వచ్చింది. అక్కడి నుంచి ఇప్పటిదాకా మూల సూత్రం మారలేదు. అల్యూమినియం పట్టీ, మధ్యలో మెషిన్ బేస్‌లోని గాడి కూర్చునే గట్టు, కింద జారకుండా రబ్బరు లాంటి పట్టీలు, బ్లేడు వైపు అంచున ఒక పలుచని రబ్బరు అంచు. ఆ రబ్బరు అంచును కొన్నప్పుడు మొదటి కోతతో మన మెషినే కత్తిరించుకుంటుంది, ఇక ఆ తర్వాత ఆ అంచు ఎక్కడుంటే కోత అక్కడే. గీత గీసి, అంచును గీత మీద పెట్టి, కోయడమే. పెచ్చులు లేవకుండా షీటు పై పొరను నొక్కి పట్టేది కూడా ఆ అంచే. మెషిన్ వాలిపోతే ఈ రెండు సుఖాలూ ఒకేసారి పోతాయి, పైగా ఒకసారి బ్లేడు రబ్బరులోకి ఎక్కువగా దూరితే ఆ చోట అంచు శాశ్వతంగా పాడవుతుంది.

ఇప్పుడు లెక్క. షాపుల్లో దొరికే 8 బై 4 షీటు అంటే 2440 బై 1220 ఎంఎం. మెషిన్ బేస్ పొడవు ఒక్కో కంపెనీకి ఒక్కో రకం, ఎవరి మెషిన్‌ను వాళ్లు టేపు పెట్టి కొలుచుకోవాలి. ఇక్కడ ఉదాహరణకు బేస్ 300 ఎంఎం అనీ, బ్లేడు నడిమధ్యలో, అంటే అటూ ఇటూ 150 చొప్పున ఉందనీ, బ్లేడు 160 ఎంఎం వ్యాసం అనీ అనుకుందాం. 18 ఎంఎం ప్లై కోసేటప్పుడు బ్లేడు షీటు కింద 3 ఎంఎం బయటికి వచ్చేలా దించితే షీటు పై ముఖం దగ్గర బ్లేడు ముందుకు 54 ఎంఎం, వెనక్కి 54 ఎంఎం పరుచుకుని ఉంటుంది. కోత మొదలుపెట్టేటప్పుడు బ్లేడు షీటును తాకకుండా బయట గాలిలో దించుకోవాలి, తిరిగే బ్లేడును సరాసరి అంచు మీదికి దించితే మెషిన్ వెనక్కి తన్నే ప్రమాదం ఉంది. అంటే బ్లేడు మధ్యభాగం షీటు అంచుకు కనీసం 60 ఎంఎం ఇవతల ఉండాలి. దాని వెనక బేస్ మరో 150. కలిపితే షీటుకు ఇవతల 210 ఎంఎం ట్రాక్ ఉంటే మెషిన్ పూర్తిగా కూర్చుని మొదలవుతుంది.

అవతలి చివర అంత అక్కర్లేదు, ఇది చాలామంది గమనించని సంగతి. బ్లేడు గుండ్రం కాబట్టి ముందు భాగమే ముందు కోస్తుంది, షీటు అడుగు ముఖం దగ్గర కూడా బ్లేడు మధ్య నుంచి 22 ఎంఎం దాకా ముందుకు ఉంటుంది. కాబట్టి బ్లేడు మధ్యభాగం అవతలి అంచుకు ఇంకా 22 ఎంఎం దూరంలో ఉండగానే కోత పూర్తయిపోతుంది. అప్పుడు బేస్ ముక్కు అంచు దాటి 128 ఎంఎం బయట ఉంటుంది. మొత్తం 210, 1220, 128 కలిపితే 1558. ఎక్కడా గాలిలో వేలాడకుండా, చేతికి టెన్షన్ లేకుండా నాలుగడుగుల అడ్డకోత కోయాలంటే ఈ మెషిన్‌కు 1560 ఎంఎం దాకా ట్రాక్ కావాలి.

మరి అందరూ అమ్మేది, అందరూ కొనేది 1400 కదా? అది తప్పని కాదు. 1400లో షీటు పోగా 180 ఎంఎం మిగులుతుంది. ఆ 180ని అటూ ఇటూ 90 చొప్పున సమానంగా పంచడం చాలామంది చేసే పని, అది సరైన పంపకం కాదు. మొదలయ్యే వైపు 120, అవతల 60 ఇస్తే మంచిది. మొదట్లో బేస్ తోక 90 ఎంఎం వెనక్కి వేలాడుతుంది, చివర్లో ముక్కు 68 ఎంఎం ముందుకు వేలాడుతుంది, రెండు చోట్లా బేస్‌లో మూడింట రెండు వంతులకు తగ్గకుండా ట్రాక్ మీదే ఉంటుంది. మెషిన్‌కు స్థిరత్వం ఎక్కువ కావలసింది బ్లేడు దించే క్షణంలో, ఎందుకంటే మోటార్ ఆన్ చేయగానే వచ్చే కుదుపు, చెయ్యి కిందికి తోసే బలం రెండూ అప్పుడే కలుస్తాయి. చివర్లో అయితే చెయ్యి అప్పటికే నడకలో ఉంటుంది, చేయాల్సిందల్లా బరువును మెషిన్ వెనక భాగం మీద ఉంచి ముక్కును నొక్కకుండా పోవడం. పైన చెప్పిన నూక గింజ పెచ్చు ఊడేది ముక్కు మీద నొక్కినప్పుడే. 1400తో రోజూ మంచి పని తీసేవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్ల చేతులకు ఈ బరువు మార్పిడి తెలియకుండానే వచ్చేసింది. కొత్తగా కొనేవాళ్లు, పైగా చేతికింద కుర్రాళ్లకు మెషిన్ ఇచ్చేవాళ్లు 1500 లేదా 1600 తీసుకుంటే ఆ విద్య మీద అంతగా ఆధారపడక్కర్లేదు. 1900 అయితే ఇంకా హాయి, కానీ దానికి వేరే ఇబ్బందులున్నాయి, అవి కింద.

దొరికే కొలతలు కంపెనీని బట్టి మారతాయి. ఫెస్టూల్‌లో 1400, 1900, 2700, 3000, మకిటాలో 1000, 1400, 1500, 1900, 3000, బాష్‌లో 800, 1100, 1600, 2100, 3100, డీవాల్ట్‌లో ఒక మీటరు, మీటరున్నర, 2.6 మీటర్లు. ఫెస్టూల్, మకిటా ట్రాకులు ఒకదాని మెషిన్ ఇంకోదాని మీద నడుస్తుంది, బాష్, మాఫెల్ అలాగే ఒక జత. డీవాల్ట్ దారి వేరు. అంటే మెషిన్ కొన్న రోజే ట్రాక్ పొడవుల జాబితా కూడా సగం తేలిపోయినట్టే, మెషిన్ వాట్లు చూసినంత శ్రద్ధగా ఆ జాబితా కూడా చూసుకోవాలి. మీటరు ట్రాక్ నాలుగడుగుల షీటుకు పనికిరాదు. మెషిన్‌తో పాటు అదే ఇస్తున్నారు కదా అని సర్దుకుంటే మొదటి షీటుకే తెలిసొస్తుంది.

ట్రాక్ పొడవు కోత నాణ్యతనే కాదు, కోసే వరసను కూడా నిర్ణయిస్తుంది. ఇది డబ్బుతో ముడిపడిన విషయం కాబట్టి కాస్త ఆగి చూడాలి. ప్రకాశం జిల్లాలో వంటగది గట్టు అంటే దాదాపుగా చీమకుర్తి గెలాక్సీ గ్రానైటే, లోతు రెండడుగులు వేస్తారు. దాని కింద కూర్చునే డబ్బా లోతు 560 ఎంఎం, ఎత్తు 720 ఎంఎం అనుకుందాం. ఒక 8 బై 4 షీటును ముందు అడ్డంగా 720 చొప్పున మూడు ముక్కలు చేస్తే 2160, మూడు కోతల్లో బ్లేడు తినేది సుమారు 7 ఎంఎం, మిగిలేది 273 ఎంఎం పట్టీ. ఒక్కో ముక్క ఇప్పుడు 1220 బై 720. దాన్ని 560 చొప్పున రెండు చేస్తే ఇంకో 95 ఎంఎం పట్టీ మిగులుతుంది, అది డబ్బా పైభాగంలో అడ్డపట్టీలకు సరిగ్గా పనికొస్తుంది, 273 పట్టీ కింద స్కర్టింగ్‌కు పోతుంది. ఒక షీటులో ఆరు పక్క ముక్కలు, గ్రెయిన్ (చెక్క చార) కూడా నిలువుగానే వస్తుంది. ఈ మొత్తంలో ఒక్క కోత కూడా 1220 దాటలేదు. ఎనిమిదడుగుల ట్రాక్ లేకుండా, ఒక్క 1400 లేదా 1500 ట్రాక్‌తో వంటగది కింది డబ్బాలన్నీ కోసేయొచ్చు. ముందు నిలువుగా రెండు 560 పట్టీలు చీల్చి తర్వాత అడ్డం కోసినా అవే ఆరు ముక్కలు వస్తాయి, కానీ దానికి పొడవాటి ట్రాక్ కావాలి. పని ఒకటే, వరస మార్చుకుంటే పెద్ద ఖర్చు తప్పుతుంది.

ఉన్న గట్టు కింద కడప బండలతో అరలు ముందే కట్టేసిన ఇళ్లలో ఒక్కో అర ఒక్కో కొలత వస్తుంది, అక్కడ ఇంత నీటుగా కుదరదు. అయినా అక్కడ వచ్చే ముక్కలు చిన్నవే కాబట్టి పొట్టి ట్రాకే చాలు.

వార్డ్‌రోబ్ దగ్గర మాత్రం ఈ తెలివి పనిచేయదు. ఏడడుగుల పక్క ముక్క రెండడుగుల లోతుతో కావాలంటే ఎక్కడో ఒకచోట ఏడడుగుల నిలువు కోత తప్పదు. ఏడడుగులంటే 2134 ఎంఎం, పై లెక్కలోని 338 (ఇవతలి 210, అవతలి 128) కలిపితే 2472. ఎనిమిదడుగుల పూర్తి చీలికకు 2440, 338 కలిపి 2778. ఇక్కడే జతలు వేసుకునేటప్పుడు జాగ్రత్త కావాలి. 1400 రెండు కలిపితే 2800, ఎనిమిదడుగులకు అతికినట్టు సరిపోతుంది. 1500కు 1000 కలిపితే 2500, ఇది ఏడడుగులకు బ్రహ్మాండంగా ఉంటుంది కానీ ఎనిమిదడుగులకు మిగిలేది 60 ఎంఎం మాత్రమే, అంటే రెండు చివర్లా గాలిలోనే. 'రెండున్నర మీటర్లు, ఎనిమిదడుగుల కంటే ఎక్కువే కదా' అని కొనేసి బాధపడే జత ఇదే. బాష్‌లో 1600, 1100 కలిపితే 2700, అటూ ఇటూ సర్దుకుని ఎనిమిదడుగులు కోయొచ్చు.

రెండు ట్రాకులు కలిపేటప్పుడు చివరలను ఒకదానికొకటి గట్టిగా ఆనించి బిగిస్తే నేరుగా వస్తుందనుకోకూడదు. ఆ చివరలు కచ్చితంగా మూలమట్టానికి ఉంటాయన్న నమ్మకం లేదు. చివర్ల మధ్య విజిటింగ్ కార్డు పట్టేంత ఖాళీ వదిలి, పొడవాటి రసమట్టం లేదా నమ్మకమైన అల్యూమినియం సెక్షన్ ట్రాక్ అంచుకు ఆనించి, రెండు ట్రాకులూ దాన్ని ఒకే తీరుగా తాకేలా చూసి, అప్పుడు రెండిటినీ కలిపే జాయింట్ పట్టీ స్క్రూలు బిగించాలి. స్క్రూలు కూడా కొంచెం కొంచెంగా, ఒకటి మార్చి ఒకటి. ఒకే స్క్రూను చివరిదాకా తిప్పేస్తే జాయింట్ పట్టీ ట్రాక్‌ను లోపలి నుంచి నెట్టి విల్లులా వంచుతుంది. కోసేటప్పుడు జాయింట్ మీద మెషిన్ టక్కున ఆగినట్టు అనిపిస్తే ఆ కోత వదిలేసి మళ్లీ సరిచూడాలి, మొండిగా తోస్తే ఆ చోట మెట్టు పడుతుంది. రోజూ వార్డ్‌రోబ్‌లే చేసేవాళ్లకు ఈ తతంగం విసుగు, వాళ్లు ఒకే ముక్కగా 2700 లేదా 3000 కొనడమే మంచిది. నెలకు ఒకటి రెండు చేసేవాళ్లకు జత చాలు.

అలాగని అన్నిటికీ మూడు మీటర్లదే కొనేస్తే సరిపోదా? సరిపోదు. పది బై పది బెడ్‌రూమ్ అంటే గోడకూ గోడకూ మధ్య 3050 ఎంఎం. అందులో 3000 ట్రాక్ తిప్పడం కూడా కష్టం, మూడో అంతస్తు అపార్ట్‌మెంట్‌కు లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపుల్లో గోడలకు గీతలు పడతాయి, ఒక్కసారి చివర గోడకు గట్టిగా తగిలితే రబ్బరు అంచు నలుగుతుంది. 1400 అయితే ఆటోలో కాళ్ల దగ్గర ఏటవాలుగా పెట్టుకుని స్టోన్‌హౌస్‌పేట నుంచి వేదాయపాళెం దాకా పోవచ్చు. అంతకంటే ముఖ్యమైనది కోత దగ్గరి సమస్య. పొడవాటి ట్రాక్‌ను నాలుగడుగుల షీటుకు అడ్డంగా పెడితే ఒక మీటరున్నరకు పైగా బయటికి పొడుచుకుని ఉంటుంది, దాని బరువుకే అది ఒక వైపు వాలి షీటు మీద అవతలి అంచు లేస్తుంది, ఎవరి మోకాలైనా తగిలితే గీత మీద నుంచి జరిగిపోతుంది. ఇదే సమస్య చిన్న రూపంలో పొట్టి ముక్కల దగ్గర కూడా వస్తుంది. అడుగు వెడల్పు పట్టీని 1400 ట్రాక్‌తో అడ్డం కోయాలంటే ట్రాక్ ఆ ముక్క మీద తూగుడుబల్లలా ఊగుతుంది. అదే మందం ఉన్న ఇంకో ప్లై ముక్కను ట్రాక్ కింద, కాస్త దూరంలో పెడితే ఊగడం ఆగుతుంది. వార్డ్‌రోబ్ అరల్లాంటి రెండడుగుల కోతలు రోజంతా ఉండేవాళ్లకు 1000 లేదా 1100 రెండో ట్రాక్‌గా నిజంగా పనికొస్తుంది, 610కి 338 కలిపితే 948 కదా.

ఏటవాలు కోతల సంగతి చాలామందికి మెట్ల కింద కబోర్డు చేసేటప్పుడే గుర్తొస్తుంది. షీటుకు అడ్డంగా నేరుగా కోస్తే 1220, అదే 30 డిగ్రీలు పక్కకు తిరిగితే కోత పొడవు 1409 అవుతుంది, 45 అయితే 1725. 1400 ట్రాక్ అక్కడ చేతులెత్తేస్తుంది. ముందు ముక్కను చిన్నది చేసుకుని తర్వాత ఏటవాలు కోయడం ఒక దారి, అది ఎప్పుడూ కుదరదు. ఇలాంటి పనులు ఎక్కువ వచ్చేవాళ్లకు 1900 పొడవు నిజంగా అవసరం.

పొడవు సరిపోయినా అడ్డకోత మూలమట్టానికి రాకపోతే అంతా వృథా. 1220 పొడవున అర డిగ్రీ తేడా వస్తే అవతలి చివర పది ఎంఎం పైగా తప్పుతుంది, డబ్బా బిగించేటప్పుడు ఆ పది ఎంఎం ఎక్కడికీ పోదు. కంపెనీ అంచును నమ్మే ముందు షీటు రెండు మూలల దూరాలు కొలవాలి, 2440 బై 1220 నిజంగా చదరంగా ఉంటే రెండూ 2728 రావాలి. రెండూ ఒకటే వస్తే అప్పుడు షీటు ఒక అంచున 720, ఎదురు అంచున 720 గుర్తు పెట్టి, ట్రాక్ రబ్బరు అంచును ఆ రెండు గుర్తుల మీద కూర్చోబెడితే సరి. ట్రాక్ అటూ ఇటూ బయటికి వచ్చి ఉండడం ఇక్కడ కూడా మేలే, గుర్తు సరిగ్గా షీటు అంచు మీద పడుతుంది కాబట్టి రబ్బరు దాన్ని తాకుతోందో లేదో కంటికి కనపడుతుంది. షీటు కింద రెండంగుళాల థర్మాకోల్ పరుచుకుంటే రెండు ముక్కలూ చివరిదాకా పడిపోకుండా ఉంటాయి. చివర్లో మిగులు ముక్క బరువుకు విరిగి పడడం వల్ల ఊడే పెచ్చులు వేరు, ట్రాక్ చాలక ఊడేవి వేరు, రెండూ ఒకే చోట వస్తాయి కాబట్టి ముందు థర్మాకోల్ వేసి చూస్తే ఏది ఏదో తేలిపోతుంది.

నెల్లూరు ఎండకు ఇంకో జాగ్రత్త. రోహిణి కార్తెలో మేడ మీద ట్రాక్‌ను ఎండలో పడేస్తే అల్యూమినియం సాగేది మీటరుకు ఒక ఎంఎం కూడా ఉండదు, దాంతో కోతకు ఏమీ కాదు, కానీ కింది రబ్బరు పట్టీల జిగురు వదిలి పక్కకు జరుగుతుంది, ఆ తర్వాత నున్నటి మైకా మీద ట్రాక్ నిలవదు. పొట్టు అంటుకున్నా అంతే, తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ పట్టు వస్తుంది. నీడన, గోడకు మేకు కొట్టి నిలువుగా వేలాడదీస్తే చాలు.

పొడవాటి ట్రాక్ చెన్నై నుంచో ఆన్‌లైన్‌లోనో తెప్పించుకునేవాళ్లు పెట్టె విప్పిన రోజే ఒక పని చేయాలి. తెల్లటి మైకా షీటు మీద ట్రాక్ పెట్టి, ఒక అంచు వెంబడి సన్నని పెన్సిల్‌తో ఈ చివర నుంచి ఆ చివర దాకా గీత గీయాలి. తర్వాత ట్రాక్‌ను బోర్లించకుండా చుట్టూ తిప్పి, అదే అంచును గీత అవతలి వైపు నుంచి ఆ గీతకే ఆనించి మళ్లీ గీయాలి. రెండు గీతలూ ఒకటైపోతే ట్రాక్ నేరుగా ఉన్నట్టు. మధ్యలో విడిపోయి కనపడితే, ఆ సందులో సగం ట్రాక్ వంపు. ఎనిమిదడుగుల పొడవున సందు ఒక ఎంఎం దాటితే అదే రోజు వెనక్కి పంపాలి, ఎందుకంటే వంగిన ట్రాక్‌ను చేత్తో సరిచేయడం ఎవరి వల్లా కాదు.